రక్తప్రవాహ నియంత్రణ వ్యాయామానికి కాలి పట్టీ పీడనాన్ని కొలవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

రక్తప్రవాహ నియంత్రణ వ్యాయామం (తొడకు గాలి పట్టీ కట్టి, రక్తప్రవాహాన్ని కొంత తగ్గించి, తక్కువ బరువులతో చేసే వ్యాయామం), అంటే బీఎఫ్‌ఆర్, మొదలుపెట్టేవారు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: తొడకు కట్టే పట్టీలో ఎంత పీడనం ఉంచాలి? దీనికి అందరికీ సరిపోయే అంకె లేదు. ఒకరికి 120 సరిపోయిందని మరొకరు అదే 120 పెట్టుకుంటే, అది ఆ రెండో వ్యక్తి కాలికి చాలా తక్కువ కావచ్చు, లేదా రక్తాన్ని పూర్తిగా ఆపేసేంత ఎక్కువా కావచ్చు.

పీడనం ఆ కాలికి, ఆ పట్టీకి, ఆ భంగిమకు మాత్రమే చెందుతుంది. అందువల్ల దాన్ని కొలిచి తెలుసుకోవలసిందే. ఆ కొలతను చేతిలో పట్టుకునే డాప్లర్ పరికరంతో, అంటే రక్తప్రవాహాన్ని చప్పుడుగా వినిపించే సాధనంతో, ఏ క్రమంలో చేయాలో, ఎక్కడ పొరపాట్లు జరుగుతాయో, వాటిని ఎలా సరిదిద్దుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

## 1. మనం కొలిచేది ఏమిటి

పట్టీలో గాలిని క్రమంగా పెంచుకుంటూ పోతే, ఒక దశలో పాదానికి వెళ్లే ధమనిలో రక్తం పూర్తిగా ఆగిపోతుంది. ప్రవాహం ఆగిపోయే ఆ అతి తక్కువ పీడనాన్ని ఈ వ్యాసంలో పూర్తి నిరోధ పీడనం అంటాను. దీన్ని రక్తపోటు లాగానే పాదరస మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఇకపై క్లుప్తంగా మి.మీ. అని రాస్తాను.

వ్యాయామం చేసేది ఈ పీడనం దగ్గర కాదు. ఇందులో కొంత శాతాన్ని, సాధారణంగా 40 నుంచి 80 శాతం మధ్య, లెక్కగట్టి ఆ పీడనంలో చేస్తాం. అప్పుడు ధమని ద్వారా రక్తం తగ్గి అయినా లోపలికి వస్తూనే ఉంటుంది, సిరల ద్వారా తిరిగి వెళ్లే రక్తం మాత్రం చాలావరకు అడ్డగించబడుతుంది.

ఒక విషయం గుర్తుంచుకోవాలి. 60 శాతం పీడనం పెడితే ప్రవాహం సరిగ్గా 60 శాతం తగ్గుతుందని అర్థం కాదు. పీడనానికి, ప్రవాహానికి మధ్య సంబంధం సరళరేఖలో సాగదు. అయినా ఈ శాతం పద్ధతి వల్ల వేర్వేరు కాళ్లకు, వేర్వేరు పట్టీలకు పోల్చదగిన ఒత్తిడి లభిస్తుంది. అంతకంటే నమ్మదగిన సులువైన మార్గం మనకు లేదు.

## 2. ముందుగా: ఎవరు దీనికి దూరంగా ఉండాలి

కొలత సమయంలో కొన్ని క్షణాలపాటు కాలికి రక్తం పూర్తిగా ఆగుతుంది. అందువల్ల కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా, వైద్యుడు పరీక్షించి అనుమతించే వరకు పట్టీ కట్టవద్దు, కొలత కూడా తీసుకోవద్దు.

- కాలి లోతు సిరల్లో లేదా ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర
- అదుపులో లేని అధిక రక్తపోటు, గుండె జబ్బు
- కాలి ధమనులు సన్నబడిన వ్యాధి, కాలి రక్తనాళానికి గతంలో శస్త్రచికిత్స
- సికిల్ సెల్ వ్యాధి (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య వ్యాధి) లేదా వ్యాధి లేకున్నా దాని జన్యువు ఉండటం
- గర్భం
- కాలిలో పుండు, ఇన్‌ఫెక్షన్, పెద్దగా ఉబ్బిన సిరలు, శోషరసం నిలిచి వచ్చే వాపు
- మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గడం
- క్యాన్సర్‌కు చికిత్స తీసుకుంటూ ఉండటం
- రక్తం పలుచబడే మందులు వాడటం లేదా రక్తస్రావ వ్యాధి

శస్త్రచికిత్స తర్వాత కోలుకుంటున్నవారు ఈ కొలతను ఫిజియోథెరపిస్టు చేతనే చేయించుకోవాలి. మోకాలి శస్త్రచికిత్స తర్వాత కొన్ని వారాలపాటు రక్తం గడ్డకట్టే అవకాశం మామూలు కంటే ఎక్కువగా ఉంటుంది కాబట్టి, ఈ మాటను నేను మొహమాటం లేకుండా చెబుతున్నాను.

## 3. కావలసిన పరికరాలు

### పట్టీ

మొత్తం కొలతను అన్నిటికంటే ఎక్కువగా శాసించేది పట్టీ వెడల్పు. వెడల్పాటి పట్టీ తన ఒత్తిడిని కండరం లోతుకు బాగా చేరుస్తుంది, అందువల్ల తక్కువ పీడనంతోనే ధమని మూసుకుంటుంది. సన్నని పట్టీకి అదే పని చేయడానికి చాలా ఎక్కువ పీడనం కావాలి.

ఆరోగ్యవంతుల్లో తొడకు కట్టిన 13 సెం.మీ. పట్టీతో పూర్తి నిరోధ పీడనం 150 మి.మీ. చుట్టుపక్కల కనిపిస్తుంటే, 5 సెం.మీ. పట్టీతో అది 200 దాటడం మామూలే. తొడ లావుగా ఉన్న కొద్దీ ఈ తేడా ఇంకా పెరుగుతుంది. ఒక పట్టీతో కొలిచిన అంకెను మరో పట్టీకి వాడటం ప్రమాదకరమని ఈ ఒక్క కారణం చాలు చెప్పడానికి.

కాలికి 10 సెం.మీ. లేదా అంతకంటే వెడల్పైన, గాలి నింపగలిగే పట్టీని ఎంచుకోండి. తొడ పైభాగం లావుగా, కిందికి సన్నగా ఉంటుంది కాబట్టి, ఆ వాలుకు తగ్గట్టు కోసిన పట్టీ దొరికితే మరీ మంచిది. చేతికి కట్టే మామూలు బీపీ పట్టీ తొడకు పొడవు చాలదు. బలవంతంగా చుట్టితే వెల్క్రో ఊడిపోతుంది, లోపలి గాలి సంచి తొడలో ఒక పక్కను మాత్రమే నొక్కుతుంది.

### పీడనం చూపే గేజ్

గేజ్ 0 నుంచి 300 మి.మీ. వరకు చూపాలి. గాలి లేనప్పుడు ముల్లు సరిగ్గా సున్నా మీద ఉండాలి. వీలైతే, కచ్చితమని తెలిసిన మరో గేజ్‌ను మూడు దారుల గొట్టంతో కలిపి 50, 100, 150, 200 దగ్గర రెండిటినీ పోల్చండి. 3 మి.మీ. మించి తేడా వస్తే దాన్ని సరిచేయించాలి లేదా మార్చాలి.

గాలి లీకు కూడా చూడాలి. పట్టీని గట్టి డబ్బా లాంటి గుండ్రని వస్తువుకు చుట్టి 200 వరకు నింపి వాల్వ్ మూసేయండి. నిమిషంలో 4 మి.మీ. కంటే ఎక్కువ పడిపోతే గొట్టాల అతుకులు, వాల్వ్, గాలి సంచి వరుసగా పరిశీలించండి.

### డాప్లర్

చేతిలో పట్టుకునే, రక్తనాళాల కోసం ఉద్దేశించిన డాప్లర్ కావాలి. చీలమండ దగ్గర ధమని చర్మానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి 8 మెగాహెర్ట్జ్ ప్రోబ్ (చర్మానికి ఆనించే భాగం) అనువుగా ఉంటుంది. గర్భస్థ శిశువు గుండె చప్పుడు వినే పరికరాల్లో ఎక్కువగా 2 లేదా 3 మెగాహెర్ట్జ్ ప్రోబ్ ఉంటుంది. అది లోతైన చోట్ల కోసం తయారైనది కనుక ఈ పనికి సరిపోదు.

వీటితోపాటు అల్ట్రాసౌండ్ జెల్, మెత్తని గుడ్డ, కొలత టేపు, చర్మం మీద గుర్తు పెట్టడానికి పెన్ను, రాసుకోవడానికి కాగితం దగ్గర పెట్టుకోండి. ప్రోబ్ పట్టుకోవడానికి ఒకరు, గాలి నింపడానికి ఒకరు ఉంటే పని సాఫీగా సాగుతుంది. ఎవరి కాలిని వారే కొలుచుకోబోతే, వంగడం వల్ల కండరాలు బిగుసుకుని అంకె మారిపోతుంది. అందుకని రెండో మనిషి సాయం తప్పనిసరి అనే నా అభిప్రాయం.

## 4. కొలతకు ముందు సిద్ధపడటం

పూర్తి నిరోధ పీడనం ఆ సమయంలోని రక్తపోటును బట్టి మారుతుంది. రక్తపోటును పెంచేవి ఏవైనా ఈ అంకెనూ పెంచుతాయి. కాబట్టి కింది జాబితాను ఒక్కొక్కటిగా సరిచూసుకున్న తర్వాతే పట్టీ చేతిలోకి తీసుకోండి.

- గత అరగంటలో కాఫీ, టీ, పొగ, వ్యాయామం ఏవీ లేవు
- మూత్రవిసర్జన అయింది
- గది చల్లగా లేదు, పాదాలు వెచ్చగా ఉన్నాయి
- బిగుతైన దుస్తులు, మేజోళ్లు తీసేశారు
- పలుచని దుస్తు మీద కట్టాలా, నేరుగా చర్మం మీదనా అన్నది ముందే తేల్చుకున్నారు, వ్యాయామంలోనూ అలాగే కడతారు
- చేతికి మామూలు రక్తపోటు చూసి రాసుకున్నారు
- కనీసం 5 నిమిషాలు, వీలైతే 10 నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా విశ్రాంతి తీసుకున్నారు

పాదాల వెచ్చదనాన్ని తేలికగా తీసుకోవద్దు. చలికి పాదంలోని నాళాలు ముడుచుకుపోయి చప్పుడు బలహీనమవుతుంది. ధమని దొరక్క పదిహేను నిమిషాలు వెతికి విసిగిపోయేవారిలో చాలామందికి అసలు సమస్య చల్లని పాదాలే.

### భంగిమ

పడుకున్నప్పుడు కాలి పూర్తి నిరోధ పీడనం తక్కువగా, కూర్చుంటే అంతకంటే ఎక్కువగా, నిలబడితే ఇంకా ఎక్కువగా ఉంటుంది. గుండె మట్టం నుంచి దిగువకు వెళ్లే ప్రతి 10 సెం.మీ.కు ధమనిలో దాదాపు 8 మి.మీ. పీడనం అదనంగా చేరడం ఇందుకు ముఖ్య కారణం. తొడ గుండెకు 40 సెం.మీ. దిగువన ఉంటే అదొక్కటే 30 మి.మీ. పైగా తేడా తెస్తుంది.

దీని ప్రభావం లెక్కలో స్పష్టంగా కనిపిస్తుంది. పడుకోబెట్టి కొలిస్తే 150 వచ్చిందనుకుందాం. అందులో 60 శాతం 90. అదే మనిషికి నిలబడినప్పుడు పూర్తి నిరోధ పీడనం 185 అయితే, నిలబడి చేసే స్క్వాట్లలో ఆ 90 అనేది 49 శాతమే అవుతుంది. 60 శాతంలో చేస్తున్నామనుకుంటూ సగం కూడా లేని ఒత్తిడిలో చేసినట్టవుతుంది. తారుమారుగా, నిలబెట్టి కొలిచిన అంకెతో పడుకుని వ్యాయామం చేస్తే ఒత్తిడి అనుకున్నదానికంటే ఎక్కువవుతుంది. ఇది మొదటిదానికంటే ప్రమాదకరం.

అందువల్ల ఏ భంగిమలో వ్యాయామం చేస్తారో ఆ భంగిమలోనే కొలవండి. కూర్చుని మోకాలు చాపే వ్యాయామానికి కూర్చోబెట్టి, పడుకుని కాలు ఎత్తే వ్యాయామానికి పడుకోబెట్టి కొలవాలి. నిలబెట్టి కొలిచేటప్పుడు గోడకో బల్లకో ఆనుకుని, బరువు ఎక్కువగా రెండో కాలి మీద మోపి, కొలిచే కాలి కండరాలను వదులుగా ఉంచాలి. కళ్లు తిరిగే అలవాటున్నవారిని నిలబెట్టి కొలవకండి.

## 5. పట్టీ కట్టడం

1. తొడ మీద పట్టీ వచ్చే చోట చుట్టుకొలతను టేపుతో తీసి రాసుకోండి.
2. పట్టీని తొడలో వీలైనంత పైకి, గజ్జ ముడత కిందికి వచ్చేలా చుట్టండి. మధ్య తొడకో మోకాలి పైభాగానికో కట్టకూడదు. మోకాలికి దగ్గరగా నరాలు ఎముకకు ఆనుకుని ఉండటం వల్ల అక్కడ నొక్కుడు హాని చేయవచ్చు.
3. గాలి సంచి మధ్యభాగం తొడ లోపలివైపు, ధమని పోయే దారి మీదికి వచ్చేలా తిప్పండి. తయారీదారు పట్టీ మీద గుర్తు ఇచ్చి ఉంటే దాన్నే పాటించండి.
4. గొట్టం బయటివైపు ఉండాలి, ఎక్కడా మడత పడకూడదు.
5. చుట్టిన తర్వాత పట్టీ అంచు కింద రెండు వేళ్లు కాస్త బిగుతుగా దూరాలి. సులువుగా దూరితే వదులు, అసలు దూరకపోతే అతి బిగుతు.
6. పట్టీ చుట్టూ ముడతలు, నొక్కుకుపోయిన చర్మం లేకుండా చేత్తో తడిమి చూడండి.
7. పట్టీ పై అంచు, కింది అంచు దగ్గర చర్మం మీద పెన్నుతో చిన్న గీత గీయండి. తర్వాతి కొలతలో పట్టీ మళ్లీ అక్కడికే రావాలి.

గాలి నింపకముందు ఎంత బిగించారన్నది చాలామంది పట్టించుకోరు. ఒకరోజు వదులుగా, మరోరోజు బిగుతుగా చుట్టి రెండు రోజులూ 100 మి.మీ. నింపితే కాలు అనుభవించే ఒత్తిడి ఒకటి కాదు. రెండు వేళ్ల నియమాన్ని ప్రతిసారీ ఒకే మనిషి, ఒకే విధంగా చూస్తే ఈ తేడా బాగా తగ్గుతుంది.

## 6. ధమనిని కనుక్కోవడం

చీలమండ దగ్గర రెండు ధమనులు అందుబాటులో ఉంటాయి. మొదట వెతకవలసినది చీలమండ లోపలివైపు ఎముక గుబ్బకు, మడమ వెనుక గట్టిగా తగిలే స్నాయువుకు మధ్య పల్లంలో ఉండేది. రెండోది పాదం పైభాగంలో, బొటనవేలును పైకి లేపితే ఉబ్బే స్నాయువుకు చిటికెనవేలి వైపున ఉంటుంది. కొందరికి ఈ రెండోది పుట్టుకతోనే లేకపోవచ్చు, లేదా చాలా సన్నగా ఉండవచ్చు. అందుకే లోపలి చీలమండతో మొదలుపెట్టమంటున్నాను.

ఆ చోట జెల్‌ను ధారాళంగా వేయండి. ప్రోబ్‌ను చర్మానికి 45 నుంచి 60 డిగ్రీల కోణంలో, మొన మోకాలి వైపు చూసేలా పెట్టండి. నొక్కకూడదు. ప్రోబ్‌తో గట్టిగా నొక్కితే అదే ధమనిని మూసేసి, పట్టీ ఆపినట్టు మనల్ని నమ్మిస్తుంది.

ప్రోబ్‌ను మెల్లగా, ఒక్కో మిల్లీమీటరు చొప్పున జరుపుతూ వినండి. ధమని చప్పుడు నాడితోపాటు కొరడా ఝళిపించినట్టు తెగి తెగి వస్తుంది. సిర చప్పుడు గాలి వీచినట్టు ఎడతెగకుండా, ఊపిరితోపాటు హెచ్చుతగ్గులతో వస్తుంది. రెండూ కలిసి వినిపిస్తే, తెగి తెగి వచ్చే చప్పుడు ఎక్కడ ఎక్కువ స్పష్టంగా ఉందో అక్కడికి జరగండి.

దొరికిన చోట పెన్నుతో గుర్తు పెట్టి, మోచేతిని బల్ల మీదో పరుపు మీదో ఆనించి, కనీసం పది నాడుల చప్పుడును వినండి. చేయి కదలకుండా అంతసేపు చప్పుడు ఒకే తీరుగా వస్తేనే తర్వాతి మెట్టుకు వెళ్లాలి.

## 7. గాలి నింపి కొలవడం

ఇది అసలు ఘట్టం. తొందరపడితే ఇంతవరకు చేసిన సిద్ధత అంతా వృథా అవుతుంది. ఒక్కసారికి ఒక్క కాలికే పట్టీ ఉండాలి.

1. గాలి నింపబోతున్నామని, పాదం తిమ్మిరెక్కినట్టు అనిపించవచ్చని, ఎప్పుడు ఆపమంటే అప్పుడు ఆపేస్తామని ఎదుటివారికి చెప్పండి.
2. 50 మి.మీ. వరకు నింపి ఆగండి. చప్పుడు స్పష్టంగా ఉండాలి.
3. అక్కడి నుంచి 10 మి.మీ. చొప్పున పెంచండి. ప్రతి మెట్టు దగ్గరా కనీసం మూడు నాడుల సేపు వినండి.
4. చప్పుడు సన్నబడుతోందని తెలియగానే మెట్టును 5 మి.మీ.కు తగ్గించండి.
5. చప్పుడు పూర్తిగా ఆగిన అంకెను బిగ్గరగా చెప్పండి, రెండో మనిషి రాసుకోవాలి.
6. ఇంకో 10 మి.మీ. పెంచి, ఐదారు సెకన్లు వినండి. నిశ్శబ్దం కొనసాగితే ఆగింది ధమనే.
7. ఇప్పుడు నాడికి 2 లేదా 3 మి.మీ. చొప్పున గాలి వదలండి. చప్పుడు తిరిగి వినిపించిన అంకెను రాసుకోండి.
8. వాల్వ్ పూర్తిగా తెరిచి గాలి మొత్తం వదిలేయండి.

చప్పుడు ఆగిన స్థితిలో కాలిని అర నిమిషం కంటే ఎక్కువ ఉంచవలసిన అవసరం ఎప్పుడూ రాదు. అంతలో అంకె తేలకపోతే గాలి వదిలేసి మళ్లీ మొదలుపెట్టండి.

ఐదో మెట్టులో రాసిన అంకె మన పూర్తి నిరోధ పీడనం. ఏడో మెట్టులో వచ్చినది దాన్ని సరిచూడటానికి. రెండిటి మధ్య తేడా 10 మి.మీ. లోపు ఉండాలి. అంతకు మించితే ప్రోబ్ జరిగి ఉంటుంది, లేదా గాలిని వేగంగా నింపడమో వదలడమో జరిగి ఉంటుంది.

వేగం ఎందుకంత ముఖ్యమో చూడండి. నిమిషానికి 60 సార్లు కొట్టుకునే గుండె సెకనుకు ఒక్క చప్పుడే ఇస్తుంది. సెకనుకు 10 మి.మీ. చొప్పున గాలి పెంచితే రెండు చప్పుళ్ల మధ్యనే 10 మి.మీ. దాటిపోతాం. అంటే ఆ కొలతలో అంతమేర తేడా ముందే ఇమిడి ఉంటుంది. క్రీడాకారుల్లో గుండె ఇంకా నెమ్మదిగా కొట్టుకుంటుంది కనుక వారికి ప్రతి మెట్టు దగ్గరా మరింత సేపు ఆగాలి. నాడి క్రమం తప్పి కొట్టుకుంటుంటే కొలత ఆపి, ముందు వైద్యుడికి చూపించాలి.

చప్పుడు మాయమైన వెంటనే ఒక అనుమానం రావాలి: ఆగింది రక్తమా, జరిగింది ప్రోబా? గాలి వదలగానే అదే చోట, చేయి కదపకుండానే చప్పుడు తిరిగి వస్తే కొలత సరైనది. ప్రోబ్‌ను జరిపి వెతికితేగానీ చప్పుడు రాకపోతే ఆ అంకెను కొట్టేయండి.

పట్టీ వదిలాక 2 నుంచి 3 నిమిషాలు ఆగండి. వదలగానే కాలిలోకి రక్తం మామూలు కంటే ఎక్కువగా దూసుకువస్తుంది, ఆ పొంగు తగ్గాక రెండో కొలత తీయాలి. రెండు కొలతల మధ్య తేడా 10 మి.మీ. లోపు ఉంటే సగటు తీసుకోండి. ఎక్కువుంటే మూడోసారి కొలిచి, దగ్గరగా ఉన్న రెండింటి సగటు తీసుకోండి.

తర్వాత రెండో కాలిని మొదటి నుంచి ఇదే క్రమంలో కొలవండి. కుడికాలి అంకెను ఎడమకాలికి వాడవద్దు. ఒక కాలు గాయపడి కండరం తగ్గిన వారిలో రెండు కాళ్ల చుట్టుకొలతలే వేరుగా ఉంటాయి, పీడనాలూ వేరవుతాయి.

## 8. వ్యాయామ పీడనాన్ని లెక్కకట్టడం

పూర్తి నిరోధ పీడనాన్ని ఎంచుకున్న శాతంతో గుణించి 100తో భాగించండి. 172 మి.మీ.కు 60 శాతం అంటే 103.2. గేజ్ మీద 2 మి.మీ.కు ఒక గీత ఉంటుంది కాబట్టి దిగువ గీతకు, అంటే 102కు దించండి. పైకి సవరించకండి.

కొత్తవారు 40 లేదా 50 శాతంతో మొదలుపెట్టి, రెండు మూడు వారాల్లో ఇబ్బంది లేదని తేలాక 60కి వెళ్లడం మేలు. 80 శాతం దగ్గర నొప్పి, అసౌకర్యం బాగా పెరుగుతాయి. అక్కడికి వెళ్లి తీరాలన్న నియమం లేదు.

ఈ పీడనంతోపాటు ఎత్తే బరువు తక్కువగా ఉండాలి. ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగే గరిష్ఠ బరువులో 20 నుంచి 40 శాతం చాలు. మొదటి విడతలో 30 సార్లు, ఆపై మూడు విడతల్లో 15 సార్లు చొప్పున, మధ్యలో 30 నుంచి 60 సెకన్ల విశ్రాంతితో చేయడం విస్తృతంగా వాడుకలో ఉన్న క్రమం. ఒక వ్యాయామం పూర్తికాగానే గాలి వదిలేసి, కాలికి కాసేపు విశ్రాంతి ఇచ్చాకే తర్వాతిదానికి వెళ్లాలి.

## 9. లెక్కకట్టిన పీడనాన్ని సరిచూడటం

కాగితం మీద లెక్క పూర్తయినంత మాత్రాన పని అయిపోలేదు. చాలామంది వదిలేసే ఈ మెట్టును మాత్రం మీరు వదలవద్దని కోరుతున్నాను.

పట్టీలో వ్యాయామ పీడనాన్ని నింపి, డాప్లర్‌ను గుర్తు పెట్టిన చోట పెట్టి వినండి. చప్పుడు తగ్గి ఉండవచ్చు, కానీ తప్పకుండా వినిపించాలి. వినిపించకపోతే కొలతలో గానీ లెక్కలో గానీ తప్పు ఉంది. గాలి వదిలి ఏడో భాగం నుంచి మళ్లీ చేయండి.

ఆ తర్వాత ఇవి చూడండి:

- బొటనవేలి కొనను నొక్కి వదిలితే మూడు సెకన్లలోపు రంగు తిరిగి వస్తోంది
- పాదం తెల్లగా పాలిపోలేదు. కాస్త ఎరుపెక్కడం, ముదురు రంగు రావడం మామూలే
- కాలివేళ్లు కదులుతున్నాయి, స్పర్శ తెలుస్తోంది
- పట్టీ కింద గుచ్చినట్టు, కోసినట్టు నొప్పి లేదు

వ్యాయామంలో తొడ కండరం బిగిసినప్పుడల్లా గేజ్ ముల్లు పైకి ఎగిరి, వదులైనప్పుడు దిగుతుంది. ఆ ఎగుడుదిగుళ్లను చూసి గాలి తగ్గించడం, పెంచడం చేయకండి. విడతల మధ్య కాలు వదులుగా ఉన్నప్పుడు అంకె చూసి, పడిపోయి ఉంటే అప్పుడు సవరించండి. పీడనాన్ని తనంతట తానే సర్దుకునే పరికరం వాడేవారికి ఈ పని ఉండదు.

తిమ్మిరి పెరుగుతూ పోవడం, పాదం పాలిపోవడం, తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం, ఛాతీలో ఇబ్బంది కనిపిస్తే వెంటనే గాలి మొత్తం వదిలేయండి. ఆ తర్వాతి రోజుల్లో పిక్క వాచి నొప్పిగా ఉన్నా, ఆయాసం వచ్చినా, మూత్రం కాఫీ రంగులో వచ్చినా ఆలస్యం చేయకుండా వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

## 10. డాప్లర్ అందుబాటులో లేకపోతే

కాలివేలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టి కొలవవచ్చా అని తరచూ అడుగుతున్నారు. చేతికి ఆ పద్ధతి కొంతవరకు పనికొస్తుంది గానీ, కాలికి నమ్మదగినది కాదు. వేలి దగ్గర సంకేతం బలహీనంగా ఉండి, ధమని ఆగకముందే అది మాయమైపోతుంది.

చుట్టుకొలతను, రక్తపోటును పెట్టి అంచనా వేసే సూత్రాలున్నాయి. అవి ఏ పట్టీతో తయారయ్యాయో ఆ పట్టీకే వర్తిస్తాయి, అదీ సుమారుగానే. సాగే గుడ్డతో చుట్టి, బిగుతును పదికి ఏడు అని అంచనా వేసే పద్ధతిలో అసలు పీడనం ఎంతో తెలుసుకునే దారే లేదు. అదే మనిషి ఏడు అని చెప్పిన బిగుతు రోజుకో రకంగా ఉంటుంది. కాలి విషయంలో దాన్ని నేను సిఫారసు చేయను.

పూర్తి నిరోధ పీడనాన్ని తానే కొలిచే పరికరాలు ఉన్నాయి. వాటిని వాడినా భంగిమ, విశ్రాంతి, పట్టీ బిగుతు నియమాలు మారవు. పరికరం కొలిచే సమయంలో కాలు కదిపితే అది తప్పు అంకెనే ఇస్తుంది. ఇవేవీ లేనివారు ఫిజియోథెరపిస్టు దగ్గర తమ పట్టీతోనే ఒకసారి కొలిపించుకోవడం అన్నిటికన్నా మంచి మార్గం.

## 11. తరచూ ఎదురయ్యే చిక్కులు, వాటి సవరణలు

ధమని చప్పుడు దొరకడం లేదు. పాదాన్ని వెచ్చని గుడ్డతో కాసేపు కప్పండి. జెల్ పెంచండి, ప్రోబ్ మీద ఒత్తిడి తగ్గించండి. అప్పటికీ రాకపోతే పాదం పైభాగంలోని ధమనిని ప్రయత్నించండి. ఒక కాలిలో రెండు చోట్లా చప్పుడు లేకపోతే కొలత మానేసి, కాలి రక్తప్రసరణను వైద్యుడితో పరీక్ష చేయించుకోండి.

గాలి ఎంత నింపినా చప్పుడు ఆగడం లేదు. 300 దాటి ఎప్పుడూ వెళ్లవద్దు. పట్టీ సన్నగా ఉండటం, వదులుగా ఉండటం, గాలి సంచి ధమని మీదికి రాకపోవడం మామూలు కారణాలు. వెడల్పాటి పట్టీతో మళ్లీ చూడండి. చాలాకాలంగా మధుమేహమో మూత్రపిండాల వ్యాధో ఉన్నవారిలో ధమని గోడల్లో సున్నం పేరుకుని, నొక్కినా మూసుకోకపోవచ్చు. అప్పుడు వచ్చే అంకె నిజమైనది కాదు, దాని శాతాలకూ అర్థం ఉండదు. వారికి ఈ వ్యాయామం గురించి వైద్యుడే నిర్ణయించాలి.

మొదటి కొలత ఎక్కువ, తర్వాతివి వరుసగా తక్కువ. విశ్రాంతి చాలలేదు, లేదా ఎదుటివారు భయపడ్డారు. మొదటిదాన్ని వదిలేసి, ఐదు నిమిషాలు ఆగి కొత్తగా కొలవండి.

గాలి నింపేకొద్దీ పట్టీ మోకాలి వైపు జారుతోంది. తొడ వాలుకు పట్టీ తగడం లేదు. వాలుగా కోసిన పట్టీకి మారండి. జారిన చోటే కొలత కొనసాగించవద్దు.

నొప్పి వల్ల ఎదుటివారు కాలు బిగిస్తున్నారు. బిగిసిన కండరం పట్టీని లోపలి నుంచి నెట్టి గేజ్‌ను తప్పు చూపిస్తుంది. గాలి వదిలి, చర్మం మడత పడిందేమో చూసి, పట్టీ కింద పలుచని గుడ్డ చుట్టి మళ్లీ ప్రయత్నించండి. ఆ తర్వాత వ్యాయామంలోనూ అదే గుడ్డ ఉండాలి.

గేజ్ దానంతట అదే పడిపోతోంది. మూడో భాగంలో చెప్పిన లీకు పరీక్ష చేయండి. లీకు ఉన్న పట్టీతో వచ్చిన అంకెలన్నీ పక్కన పెట్టాలి.

## 12. ఏం రాసుకోవాలి, మళ్లీ ఎప్పుడు కొలవాలి

ప్రతి కొలతకు ఒక వరుస కేటాయించి, కింది వివరాలన్నీ రాయండి. అంకె ఒక్కటే రాస్తే నెల తర్వాత అది దేనికి సంబంధించినదో తెలియదు.

- తేదీ, సమయం
- ఏ కాలు, తొడ చుట్టుకొలత
- పట్టీ రకం, వెడల్పు
- భంగిమ
- చేతి రక్తపోటు
- ఏ ధమని దగ్గర విన్నారు
- చప్పుడు ఆగిన అంకె, తిరిగి వచ్చిన అంకె, రెండు కొలతలకూ
- ఎంచుకున్న శాతం, వ్యాయామ పీడనం
- ఆ పీడనంలో చప్పుడు వినిపించిందా

ఈ పీడనం ఒకే రోజులో కూడా కొంత మారుతుంది. డాప్లర్ చేతిలో ఉన్నవారు ప్రతి వ్యాయామానికి ముందు ఒక్కసారైనా కొలిచి ఆ రోజు అంకెతోనే చేయడం ఉత్తమం. ఫిజియోథెరపిస్టు దగ్గర కొలిపించుకునేవారు రెండు వారాలకొకసారి, ఎక్కువలో ఎక్కువ నెలకొకసారి వెళ్లాలి, వ్యాయామాన్ని ప్రతిసారీ దాదాపు అదే వేళలో చేయాలి.

పట్టీ మారినా, భంగిమ మారినా, రక్తపోటు మందు మొదలుపెట్టినా లేదా మోతాదు మారినా, తొడ చుట్టుకొలత 2 సెం.మీ. పెరిగినా తగ్గినా పాత అంకెను కొట్టేసి కొత్తగా కొలవండి. శస్త్రచికిత్స తర్వాత వాపు తగ్గుతూ ఉన్న కాలికి, వాపు నిలకడకు వచ్చేదాకా, ప్రతిసారీ కొలవకుండా పట్టీలో గాలి నింపవద్దు.